సగం లేచిన చెయ్యి

"ఇక్కడ తప్పులు చెప్పుకుంటారట, నిజమేనా?" అంటూ ఆమె స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

"తప్పులు మేమే చెప్పుకుంటాం, ఒప్పులు పక్కవాళ్లు చెబుతారు. రండి, కూర్చోండి!" అంటూ లెక్కల మాస్టారు తన కుర్చీ ఖాళీ చేశాడు.

మాస్టారన్నది పిలుపుకే గానీ, అతనికి ముప్పై నిండలేదు. ఆ శనివారం కూటమి అతను పెట్టిందే. చుట్టుపక్కల నాలుగు బడుల టీచర్లు ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకుని, ఆ వారం ఏ పాఠం ఎలా చెడిందో ఒకరికొకరు చెప్పుకుంటారు. తర్వాత ఒకరి క్లాసుకి ఇంకొకరు వెళ్లి చివరి బెంచీలో కూర్చుంటారు. నియమం ఒక్కటే. గంట కొట్టేదాకా చివరి బెంచీ నోరు విప్పకూడదు. అదీ అతను పెట్టిందే. నోరు ఆగనివాడికే గదా అలాంటి నియమం తోచేది!

ఆమె పక్క బడిలో తెలుగు టీచరు. లెక్కల పోస్టు ఖాళీ అయితే, హెడ్‌మాస్టారు ఆ లెక్కలు కాస్తా ఆమె నెత్తిన పెట్టారు.

"భిన్నాల దగ్గర ఆగిపోయానండీ."

"పాపం, తెలుగు టీచర్లకి హారం అంటే మెడలో వేసుకునేదే కదండీ!"

"లవం అంటే రవ్వంత అని కూడా తెలుసండీ. మీకున్న మర్యాదంత!"

గది గొల్లుమంది. మాస్టారు లవం దగ్గరే లవ్‌లో పడ్డాడు. హారం దాకా వెళ్లే ధైర్యం మాత్రం ఎంత కూడినా కూడలేదు.

ఒకరి క్లాసుకి ఒకరు వెళ్లేలా ఇద్దరూ జోడీ అయ్యారు. వానాకాలమంతా శనివారాలు బస్‌స్టాప్ దాకా ఒకే గొడుగులో నడిచారు.

"మీరు తడిసిపోతున్నారు మాస్టారూ."

"భాగం మీదండీ, నాకు శేషం చాలు."

"ఆ శేషానికి రేపు జలుబు చేస్తే నన్ననకండి!"

ఒక బుధవారం అతను ఆమె క్లాసులో చివరి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె బోర్డు మీద సగానికి మూడోవంతు కలిపింది. పైవి పైన, కిందివి కింద కూడేసి, అయిదింట రెండు అని రాసింది. రాసి, పిల్లల వైపు తిరిగి ఊరుకుంది.

మాస్టారికి ఒళ్లంతా జెర్రులు పాకాయి. 'పాపం, తడబడింది. పిల్లలు నవ్వేలోగా ఆదుకోవాలి' అనుకున్నాడు. అనుకున్నాక ఆగలేదు.

"అయ్యో టీచర్, హారాలు అలా కూడకూడదు!"

గబగబా వెళ్లి, ఆమె చేతిలోంచి చాక్‌పీస్ అందుకుని, ఆరింట అయిదు అని రాశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అతనికి ఆ చప్పట్లే వినిపించాయి, ఆమె ముఖం కనిపించలేదు.

గంట కొట్టాక వరండాలో ఆమె నెమ్మదిగా అంది. "కావాలనే రాశాను మాస్టారూ. రెండో బెంచీలో అమ్మాయి చెయ్యి సగం లేచింది. సగానికి ఇంకాస్త కలిపితే సగంకన్నా తగ్గిందేమిటని అడగబోయింది. ఎవరూ చెప్పకుండా, నాకై నేను ఆలోచించుకున్న మొదటి పాఠం అది."

మాస్టారు తన చేతిలో ఇంకా ఉన్న చాక్‌పీస్ ఆమెకి తిరిగిచ్చేశాడు.

మర్నాటి నుంచి పిల్లలు ప్రతి లెక్కకీ "ఆ సార్‌ని ఒకసారి అడిగి చెప్పండి టీచర్" అనడం మొదలెట్టారు. ఆమె శనివారాలు మానేసింది. సంగతి తెలిసి మిగతావాళ్లు కూడా ఎవరినీ క్లాసుకి రమ్మనడం మానేశారు.

"నీ మనసు మంచిదే తమ్ముడూ, నోరే దానికంటే ముందు నడుస్తుంది. నాతో వాపోతే కాదు, వెళ్లి ఆ టీచరమ్మతోనే చెప్పు" అంది కూటమిలో పెద్దదైన సైన్స్ అక్కయ్య.

వెళ్లాడు. ఆమె బడి వదిలేవేళకి వాన పట్టుకుంది. గేటు పక్క రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు.

"తప్పు నాది. నియమం పెట్టింది నేను, తప్పింది నేను. ఇంకో మాట కూడా ఉంది. మీరంటే నాకు ఇష్టం. ఇది జోక్ కాదండీ."

"మీరు జోక్ చెయ్యడం లేదని తెలుస్తూనే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి" అని నవ్వబోయి ఆగింది. "నాకూ ఇష్టమే. ఆ బుధవారం పాఠం బాగా సాగితే, ఆ సాయంత్రం నేనే చెబుదామనుకున్నా."

"ఇప్పుడు చెప్పకూడదా?"

"తప్పు చేసినా భయంలేని చోటు మీ పక్కనే అనుకున్నాను మాస్టారూ. ఇప్పుడు మీరు గుర్తొస్తే, బోర్డు మీద రాసింది పూర్తికాకముందే చెరిపేస్తున్నాను. అలా చెరుపుకుంటూ ఎన్నాళ్లు ఇష్టపడను?"

బస్సొచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి ఆమె వెనక్కి తిరిగింది.

"శనివారం వస్తాలెండి. ఆ గది నాక్కావాలి. జోడీ మాత్రం అక్కయ్యతో కడతాను."

అన్నట్టే వచ్చింది. ఆమె వచ్చిందని మిగతావాళ్లూ ఒక్కొక్కరే చేరారు. టీ కప్పులు తిరిగాక ఆమె గొంతు సవరించుకుని, ఆ వారం దశాంశాలు ఎలా చెడ్డాయో చెప్పసాగింది. ఎక్కడ దారి తప్పిందో మాస్టారికి రెండో మాటకే తెలిసిపోయింది. పెదవులు బిగబట్టి, ఒక్కసారి తనవైపు చూసి అడుగుతుందేమోనని చివరిదాకా ఎదురుచూశాడు.

చెప్పడం అయ్యాక ఆమె అక్కయ్య వైపు తిరిగింది.