మూడో షెడ్డులో ఇంగ్లండు మగ్గం

గల్ఫులో మేం పనిచేసే సజ్జా గోదాముల్లో ఆ మూడో షెడ్డు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నడవరు. లోపల మగ్గం దానంతటదే ఆడుతుందని పేరు. ఇప్పటికే ఇద్దరు కాపలావాళ్లు పని మానేసి పోయారు.

ఆ మగ్గం ఇంగ్లండులో ఒక నేతపల్లెది. ఆ ఊళ్లో ఇంటింటి మేడ మీదా మగ్గం, వెలుగు కోసం వరుసగా కిటికీలు ఉండేవట. తర్వాత మిల్లు వచ్చింది. ఆ మోతలో మాట వినపడక ఆడవాళ్లు గొంతు లేకుండా పెదవులు కదిపే కబుర్లు చెప్పుకునేవారట. చెవులు పోయినా కబుర్లు ఆగలేదట! చివరికి మిల్లూ మూతపడింది. సగం నేసిన గుడ్డతో సహా, మేడ మీద మిగిలిన ఆ మగ్గాన్ని ఇక్కడి ఆసామి ఒకడు ప్రదర్శనకని కొన్నాడు.

ఆ గుడ్డ... రోజూ బెత్తెడు పెరుగుతోంది.

ముదీర్, అంటే మేనేజరు, రామచంద్రరావు కొత్త కాపలావాడు వెంకట్రాములును పిలిచాడు.

"రాత్రంతా లోపలే ఉండు. నేసేది మనిషైతే పొద్దున పేరు చెప్పు, వాడి వీసా ఖలాస్. పారిపోయావో, నీది ఖలాస్."

వెంకట్రాములు సిరిసిల్లలో పన్నెండేళ్లు మరమగ్గాలు నడిపినవాడు. బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. నిజం చెప్పేవాడికి దెయ్యం భయమెందుకని గుండెకు నచ్చజెప్పాడు.

పెట్టెల వెనక నక్కాడు. పదకొండు దాటింది...

టక్... టక్... టక్...

షట్టర్ సందులోంచి పడే దీపం వెలుగులో — తెల్లని ఆకారం! కాళ్లు తొక్కుతున్నాయి. దారపు కండెను మోస్తూ నాడె అటూ ఇటూ ఉరుకుతోంది. పెదవులు కదులుతున్నాయి... మాట లేదు!

వెంకట్రాములు ఒళ్లు జలదరించింది. కానీ మోతలో పెదవులు చదవడం మరమగ్గాలవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. చదివాడు.

'కండె... అయిపోయింది... అందుకో...'

ఇంగ్లండు దెయ్యానికి తెలుగెక్కడిది?

నవ్వు తన్నుకొచ్చింది. టార్చి వేశాడు. దుప్పటి కప్పుకుని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మల్లేశ్!

"ఓరి నీ! దెయ్యం నువ్వేనారా?"

"మెల్లగ అన్నా! భివండిల మరమగ్గాల మీద పదేండ్లు నేసిన. కండ్ల ముంగట మగ్గం ఉంటే చేతులు ఊకుంటయా?"

"ఊకోకుంటే కట్టేస్కోవాలె. పరాయి సొమ్ము ముట్టుడు తప్పు. పొద్దుగాల నీ పేరు చెప్త. అబద్ధం నా నోట రాదు."

మల్లేశ్ మొహం పాలిపోయింది. "నాదొక్కటేనా? మరి నీ పేరు?"

"నాదెందుకురా?"

"మూడు రాత్రుల సంది చీకట్ల అవతల నిలబడి కండెలిస్తున్నది నువ్వే గదనే! గిప్పుడు గూడ అడిగితి, ఇస్తివి..."

"నేను... ఇయ్యాల్నే వచ్చిన."

ఇద్దరూ మగ్గం వైపు చూశారు. నాడెలో కొత్త కండె. దారం కొస నాడె కన్నంలోంచి బయటికి వచ్చి ఉంది. నోటితో పీలిస్తేనే వచ్చే దారం అది. వెంకట్రాములు వేలితో తాకాడు.

తడి!

"నువ్వు పీల్చినవా?"

"లే... లేదన్నా..."

ఒకరినొకరు వాటేసుకున్నారు. పారిపోతే వీసా పాయె! తెల్లారేదాకా అక్కడే వణికారు — ఎందుకో తెలియదు, మధ్యలో పగలబడి నవ్వారు కూడా. మొదటి అజాన్‌కు మల్లేశ్ కూలీల క్యాంపుకు జారుకున్నాడు.

పొద్దున రామచంద్రరావు వచ్చాడు. "ఎవడు?"

"ఇద్దరు సార్."

"పేర్లు చెప్పు."

వెంకట్రాములు చేతులు కట్టుకున్నాడు. "ఒగలి పేరు నాకు తెల్వది. ముందుగాల గా పేరు తెల్వనోళ్లను పట్టుకొని విమానం ఎక్కియ్యండి సార్. రెండో పేరు గప్పుడు తప్పకుంట చెప్త."