గవ్వ నెత్తురు చెప్పిన మాట

పెట్రోలు కనుమరుగై ఇరవై ఏళ్ళయింది. పాడేరు కొండల మీది ఊళ్ళకు మందులు మళ్ళీ గుర్రాల మీదే ఎక్కుతున్నాయి. ప్రతి గుర్రం మెడనరంలోనూ ఆవగింజంత యంత్రం ఉంటుంది. దాని పేరు నెత్తురుపూస. గుర్రం పరుగెత్తినప్పుడు ప్లీహం తనలో దాచిన ఎర్రకణాలను వదులుతుంది; నెత్తురు చిక్కబడుతుంది. కండరాల నుంచి లాక్టిక్ ఆమ్లం, పొటాషియం వచ్చి కలుస్తాయి. పూస వాటినీ, నెత్తురులోని మిగతా రసాలనూ కొలుస్తుంది. కొట్టం గోడకున్న పెట్టె ఆ సంగతి పైకి చెబుతుంది. అది "చాలు" అన్నదంటే గుర్రానికి పని ఆపేయాలి. అది చట్టం.

పైడయ్య గుర్రం పేరు గవ్వ. భార్య పార్వతి పోయాక ఆ ఇంటి పట్టున ఊపిరి పీల్చే రెండో ప్రాణి అదే. ఇప్పుడు దాన్నీ తీసుకుపోతామని పశువుల శాఖ నుంచి కబురొచ్చింది. నెత్తురులో కార్టిసాల్, అంటే కలత పడితే ఊరే కలతరసం, దిగడం లేదట. బరువు ఎక్కువ వేస్తున్నాడని అనుమానం.

పశువైద్యురాలు హైమవతి వచ్చింది.

"ఒక్క మూట ఎక్కువెయ్యనేదు డాక్టరమ్మా. దాని ఒంటిమీద దెబ్బుంటే నా సెయ్యి నరికెయ్యండి."

దెబ్బ లేదు. ఆమె స్వయంగా గవ్వను కొండెక్కించి దింపింది. ఎగసిన ఆమ్లం, గుర్రం కాసేపు నిలబడి నీళ్ళు తాగేసరికి దిగిపోయింది. కలతరసమూ దిగింది.

అప్పుడు పైడయ్య రోజూలాగే గవ్వ పక్కన పీట వేసుకుని, దాని కాళ్ళు రుద్దుతూ మొదలుపెట్టాడు. పార్వతి దినానికి రాని బావమరుదులు. తిన్న అన్నం మరిచిన పొరుగువాళ్ళు. పార్వతి ఎన్నడో ఉప్పెక్కువేసిన పులుసు. గొంతు పెంచలేదు. ఎవరినీ వదల్లేదు.

"కలతరసం పెరుగుతోంది," అంది పెట్టె. "చాలు."

హైమవతి అతన్ని బయటికి వెళ్ళమంది. వెళ్ళాడు. దిగింది. మళ్ళీ పిలిచి మాట్లాడించింది. ఎక్కింది.

"పరుగు తెచ్చింది విశ్రాంతితో పోతుంది పైడయ్యగారూ. మీరు తెచ్చింది పోవడం లేదు. గుర్రాన్ని ఉంచుకోండి. దాని దగ్గర మాత్రం కూర్చోకండి."

"గుర్రానికి మాటలేటి తెలుస్తాయమ్మా?"

"మాటలు తెలియవు. గొంతు తెలుస్తుంది."

ఆమె వెళ్ళిపోయింది. సాయంత్రం పైడయ్య నోరు విప్పకుండా గడ్డి వేసి, బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"దిగుతోంది," అంది పెట్టె లోపలి నుంచి. కాసేపటికి, "నిమ్మళం."

పార్వతి మెడలో ఉన్నవి నల్లపూసలే, అవేమీ చెప్పలేదు. పొద్దు వాలి అతను నోరు తెరవగానే, బిందెలు నిండుగా ఉన్నా, ఆమె గెడ్డవాగుకు నీళ్ళకు పోయేది.