కోల్డ్ రూంలో నిశ్శబ్దం

"విషప్రయోగం," అన్నాడు బాస్. "మన ఏజెంట్ల ట్రైనింగ్ స్కూల్లో రాత్రి మాంసం కూర తిన్నవాళ్ళంతా హాస్పిటల్లో ఉన్నారు. దీని వెనక విదేశీ హస్తం ఉంది. లోపలి మనిషి వంటక్క. ఆమె జైలుకి వెళ్ళేలోగా నిజం కక్కించు."

ఏజెంట్ డేగ తలూపాడు. మాంసం అన్న మాట దగ్గరే అతనికి కోల్డ్ రూం గుర్తొచ్చింది.

నిన్న మధ్యాహ్నం ఆ కూర పెట్టిన కోల్డ్ రూంలోనే అతను సీక్రెట్ మైక్రోఫోన్ అమర్చాడు. రెండు దేశాలకూ పనిచేసే నెమలి అనే అందగత్తె అక్కడ ఎవరినో కలుస్తుందని టిప్ అందింది. తీరా ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కూలింగ్ మోటారు రొదలో ఒక్క మాటా వినబడలేదు. డేగ మోటారు ఆపేశాడు. శుభ్రంగా విన్నాడు. ఆ తర్వాత మెకానిక్ వేషంలో నెమలి వెనకే ఊరంతా తిరిగి, మోటారు సంగతే మరిచిపోయాడు. పొద్దువాలాక గుర్తొచ్చి, పరిగెత్తుకొచ్చి స్విచ్ వేశాడు. ఏమవుతుందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదు.

కారిడార్లో నడుస్తూ, అది నిజంగా విషమే అయితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

ఇంటరాగేషన్ రూంలో వంటక్క ఏప్రన్‌తోనే కూర్చుని ఉంది. డేగ ఈ స్కూల్లో చేరిన రోజు నుంచీ అతనికి కడుపునిండా పెట్టిన మనిషి. సాక్షిగా పిలిపించిన నెమలి గోడకానుకుని లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. అందులో కెమెరా ఉందని అందరికీ తెలుసు.

"నువ్వొచ్చావా తమ్ముడూ. ఇంక నాకు భయం లేదు," అంది అక్క.

డేగ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"ల్యాబ్ పరీక్షలో కూరలో విషం దొరకలేదు సార్," అన్నాడు, వెనకే వచ్చిన బాస్‌తో.

"అంటే కొత్తరకం విషమన్నమాట. వాళ్ళు ముదుర్లు."

"నిన్న నేనూ అక్కా కోల్డ్ రూంలోనే కబుర్లు చెప్పుకున్నాం," అంది నెమలి తాపీగా. "గది ఎందుకో చాలా ప్రశాంతంగా ఉంది. ఎందుకంటావ్ డేగా?"



అక్క టేబుల్ మీదున్న స్టీలు డబ్బా మూత తీసింది. "మిగిలిన కూర ఇదొక్కటే. నా వంటలో విషం ఉందంటున్నారుగా. నేనే తింటా, చూడండి."

"తిననీ," అన్నాడు బాస్.

అక్క స్పూను ముంచింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్క పోతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తున్నందుకు డేగకి తనమీద తనకే అసహ్యం వేసింది. స్పూను పెదవులదాకా వచ్చింది. అతను టేబుల్ మీదుగా దూకి దాన్ని ఎగరగొట్టాడు. కూర కాస్తా బాస్ చొక్కా మీద పడింది.

"విషం లేదు సార్. కూర పాడైంది. వాళ్ళ మాటలు వినడానికి మోటారు ఆపింది నేనే. మళ్ళీ వెయ్యడం మరిచిపోయాను. అక్క తప్పేం లేదు."

బాస్ చాలాసేపు చొక్కా తుడుచుకున్నాడు. "అంత కష్టపడి విన్నావు కదా. ఏం మాట్లాడుకున్నారు?"



"నేను... ఈ మధ్య బాగా చిక్కిపోయానట సార్. నా కోసం విడిగా ఒక డబ్బా తీసిపెట్టానని అక్క నెమలితో చెప్పింది."

అందరూ ఆ స్టీలు డబ్బా వైపు చూశారు.

"రాత్రి భోజనానికి రాలేదని తిట్టుకున్నాను," అంది అక్క మెల్లగా. "రాకపోవడమే మంచిదైంది, తమ్ముడూ."

బాస్ ఫైలు తెరిచి, 'విదేశీ హస్తం' అన్న మాట కొట్టేసి, పైన 'స్వదేశీ చెవి' అని రాశాడు.