షెడ్డు జాగల నీళ్ల సప్పుడు

సిరిసిల్లల ఒక గల్లీ చివరికి షెడ్డు జాగ అని ఒకటుంది. ఇప్పుడక్కడ షెడ్డు లేదు. ఒకప్పుడు పన్నెండు సాంచాలు రాత్రింబగళ్లు బట్ట నేసిన రేకుల షెడ్డు అది. సాంచాలు తుక్కుకు పోయినయ్, రేకులు పోయినయ్, ఎనుక గోడ ఒక్కటే మిగిలింది. చెడ్డపేరు మాత్రం పోలె.

పొద్దుగూకినంక ఆ గోడ పొంటి ఎవ్వలు నడువరు. రాత్రి ఎవరో తిరుగుతరంటరు... పిలగాండ్ల బంతి అటు పడితే తెల్లారేదాక అక్కడ్నే.

షెడ్డు ఆసామి కొడుకు సంపత్ ఆ జాగలనే కొత్త ఇల్లు కట్టిండు. ఆయనకు కోరుట్లల దుకాణం, ఉండుడు కూడ అక్కడ్నే. ఇంటెనుక చిన్న కుంట తవ్విచ్చి, దాంట్లకు బండల మీదికెల్లి నీళ్లు దునికేటట్టు జలపాతం కట్టియ్యాలని ఆయన కోరిక. గా పనికి ముత్యాన్ని పిలిచిండు.

ముత్యంది కోనరావుపేట దిక్కు. మొదట ఇండ్లు కట్టే సుతారి పని చేసెటోడు, తర్వాత ఫాంహౌజులల్ల జలపాతాలు కట్టుడు నేర్చిండు. పెండ్లాం చచ్చిపోయి ఐదేండ్లాయె. బిడ్డ సుస్మిత జగిత్యాలల హాస్టల్ల ఉండి చదువుతది. అందుకే ఎక్కడ పనైతే అక్కడ్నే పండుకుంటడు. తాళం తీసి లోపలికి పోతే ఇంట్ల పలకరించెటోళ్లు ఎవలున్నరు?

ఎనిమిది రోజులు చేసిండు. గుంతల మందపు షీటు పరిచిండు, మెట్లు మెట్లుగ బండలు పేర్చిండు, కుంటల మోటారు దించి పైదాక పైపు గుంజిండు. నీళ్లు పడే తీరును బట్టి సప్పుడు మారుతది. పై బండను నాలుగు సార్లు తిప్పితె గాని ఆయన చెవికి సరిపోలె.

తొమ్మిదో నాడు మాపటీలి గంట సేపు మోటారు నడిపిండు. మంచిగ పారింది. బంద్ పెట్టి, ఫ్యూజు గుంజి, నీళ్లు ఎంతదాక ఉన్నయో కుంట అంచు బండకు బొగ్గుతోని గీత గీసిండు. తెల్లారేసరికి గీత కాడ్నే ఉంటే కుంట కారుతలేదన్నట్టు.

తెల్లారి చూస్తే — బెత్తెడు నీళ్లు తక్వ.

షీటు తడిమిండు, అతుకులు చూసిండు. ఎక్కడ ఓటు లేదు, చుక్క కారుతలేదు. కాని పై బండ చుట్టు మట్టి తడిగున్నది. కుంట కాడికెల్లి పైదాక నీళ్ల చుక్కలు... ఎవరో మోసుకపోయినట్టు.

ఆ రాత్రి కుంట నిండ పోసి, మల్ల గీత గీసి, ఫ్యూజు గుంజి జేబుల ఏసుకున్నడు. ఇంటి ముంగట అర్సుల మంచం ఏసుకొని పడ్డడు గాని కన్ను మూయలె. బిడ్డ ఫోన్ చేసింది.

"నాయినా, తిన్నవా?"

"తిన్న బిడ్డా."

"ఒక్కనివే ఉన్నవా?"

"పనోళ్లున్నరు తియ్యి" అని అబద్ధమాడిండు.

ఫోన్ పెట్టినంక గల్లీ అంత సల్లవడ్డది. కుక్కలు గూడ ఊకున్నయ్. ఎంత సేపాయెనో...

గలగల... గలగల...

ముత్యం జేబు తడుముకున్నడు. ఫ్యూజు జేబులనే ఉంది. కాని ఆయన పేర్చిన బండల మీదికెల్లి నీళ్లు పడుతున్నయ్. కొంచెం ఆగుతున్నయ్... మల్ల పడుతున్నయ్.

మెల్లగ లేచిండు. గోడ పట్టుకొని, అడుగుల అడుగేసుకుంట, ఇంటి మూల కాడికి పోయి తొంగి చూసిండు.

నడుము ఒంగిన ఆకారం ఒకటి. కుంటల బకీటు ముంచుతుంది... మెట్లెక్కి పైకి పోతుంది... పోస్తుంది. ఒంగి చెవి పెట్టి వింటుంది. మల్ల దిగుతుంది.

"ఎ... ఎవలది?"

బకీటు దబ్బున పడ్డది.

"నేనే కొడుకా... శంకరవ్వను. గోడెనుక ఇల్లు మాది. మొత్తుకోకు... ఆయన లేస్తడు."

ముత్యానికి పానం కుదుటపడ్డది. డెబ్బై ఏండ్ల ముసలామె. చీర కుచ్చిళ్లు తడిసి నీళ్లు కారుతున్నయ్.

"గీ యాళ్ల ఇదేం పని అవ్వా?"

"మా ఆగయ్య ముప్పయ్యైదేండ్లు గీ షెడ్డులనే సాంచాలు నడిపిండు. ఆ సప్పుడుల పన్నడు, ఆ సప్పుడులనే లేచిండు. సాంచాలు బంద్ అయినంక కన్ను మూస్తె ఒట్టు. ఇల్లంత సప్పుడు లేక సల్లగుంటే ఎట్ల పండాలె అంటడు. నిన్న మాపటీలి నువ్వు నీళ్లిడిసినవు సూడు... గంట సేపు సంటిపిల్లగాని లెక్క పన్నడు కొడుకా. నువ్వు బంద్ పెట్టంగనే లేచిండు. ఏంజెయ్యాలె... పోసుకుంట కూసున్న."

ముత్యం జేబుల నుంచి ఫ్యూజు తీసి పెట్టి, స్విచ్ ఏసిండు. నీళ్లు దునికినయ్. అవ్వ మొకం ఆ చీకట్ల సుత ఎలిగింది.

"రా కొడుకా, ఎట్ల పన్నడో సూద్దువు."

గోడ కూలిన కాడికెల్లి దాటిచ్చి, ఎనుక కిటికీ కాడికి తీసుకపోయింది. లోపల చిన్న బల్బు. నులక మంచం. మంచం మీద తలాపున ఒక మెత్త, మడత పెట్టిన చెద్దరు.

ఇంక ఎవ్వలు లేరు.

మంచం మీద గోడకు, ఎండిన దండ ఏసిన ముసలాయన ఫోటో.

"సప్పుడు జెయ్యకు" అంది శంకరవ్వ, పెదవుల మీద ఏలు పెట్టి. "ఇప్పుడే కన్నంటుకుంది."

పెండ్లాం పోయిన కొత్తల నెల దినాలు ఇద్దరికి సరిపడ బియ్యం కడిగిండు ముత్యం. ఎవ్వలకు చెప్పలె. అవ్వ భుజం మీద చెయ్యేసి "పోయి పండు అవ్వా, తెల్లారుతుంది" అని మల్లొచ్చి మంచంల కూసున్నడు.

కొంత సేపటికి గోడ అవుతల బల్బు ఆరింది. పాపం, అవ్వ పన్నట్టున్నది. నీళ్లు తగ్గిన సంగతి తేలింది, ఇంక మోటారు ఊకె ఎందుకని పోయి స్విచ్ బంద్ పెట్టిండు.

నీళ్లు ఆగినయ్. చివరి చుక్క పడ్డది.

గోడ అవుతల... ఎవరో దగ్గిండ్రు.

ముసలామె దగ్గు కాదది. దూది దుమ్ము పట్టిన ఛాతిలకెల్లి వచ్చే మొగోని దగ్గు. నులక మంచం కిర్రుమంది. ఎంటనే శంకరవ్వ గొంతు, బతిమిలాడినట్టు —

"ఆగు... ఆగు. అచ్చి నీళ్లు పోస్త."

ముత్యం చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయింది.

తెల్లారి సంపత్ కోరుట్ల నుంచి వచ్చి, పారే నీళ్లు చూసి మురిసిపోయిండు. ముత్యం సామాను సంచిల ఏసుకుంట, తలెత్తకుంట చెప్పిండు.

"సేటూ, రాత్రి పూట సుత మోటారు బంద్ పెట్టకుండ్రి. కుంటల చేపలిడిస్తె గాలాడక చస్తయ్."

"అట్లనే ముత్యమన్నా. ఎంతదాక నడిపియ్యమంటవ్?"

"ఆయన లేచేదాక."

"ఎవలు?"

ముత్యం సంచి భుజానికేసుకున్నడు. గోడ దిక్కు ఒక్కసారి చూసిండు. బస్టాండు తొవ్వ పట్టిండు.