పదో ముక్క

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. ఎడారి గాలి రేపిన దుమ్ము జెరూసలేం మీద పసుపుపచ్చగా కమ్ముకొంది. ఏప్రిల్ ఆరో తేదీకే ఎండ నిప్పులు చెరుగుతోంది. 1955లో ఆ బుధవారం సాయంత్రమే యూదుల పస్కా పండుగ విందు. పండుగ వారమంతా పులిసినదేదీ ఇంట ఉండకూడదు గనక, పదిన్నరలోగా ఇంట్లోని పులిసిన రొట్టె పొడితో సహా కాలిపోవాలి.

"అమ్మా, తొమ్మిదే ఉన్నాయి!" అని ఎనిమిదేళ్ళ పెనీనా అరిచింది. ఆనవాయితీ ప్రకారం తల్లి దాచిన పది రొట్టెముక్కలను, ముందురోజు రాత్రి కొవ్వొత్తి వెలుగులో తండ్రితో కలిసి వెతికి పోగుచేసింది ఆ పిల్లే.

పక్కగదిలో నానమ్మ గిటల్ దిండును దగ్గరకు లాక్కొంది. రాత్రి అందరూ పడుకొన్నాక ఆమె చాటుగా తీసుకొన్న పదోది ఆ దిండుగలీబులో ఉంది. రెండో ప్రపంచయుద్ధకాలపు నిర్బంధ శిబిరంలో ఆమెను బతికించింది దాచుకొన్న రొట్టెముక్కే. దాచడానికేమీ దొరకని రోజున చెల్లెలు కన్నుమూసింది. యుద్ధానికి ముందే ఈ దేశం చేరిన కొడుకు మెండెల్ ఇంటికి వచ్చి ఆరు నెలలైనా, దిండు కింద రొట్టె లేకపోతే తెల్లవారదన్న భయం ఆమెను వదల్లేదు.

కోడలు ఫ్రూమా గుమ్మంలోకి వచ్చింది. "మూడు వారాలు నడుం విరిగేలా ఇల్లు కడిగానత్తయ్యా. నన్ను చూస్తేనే చీమలు పారిపోతున్నాయి. ఆ ముక్క గానీ చూశారా?"

"నేనెందుకు చూస్తానమ్మా?"

"మరి దిండునలా వాటేసుకున్నారేం?"

ఫ్రూమా దిండందుకొంది. గిటల్ వదల్లేదు. కుట్టు పిగిలి, రేగుపండంత ముక్క నేల మీద పడింది.

"దీనికోసమా! కడుపునిండా పెట్టట్లేదా నేను? నలుగురూ వింటే నన్నేమనుకుంటారు?"

"కాల్చొద్దే తల్లీ! అది కాలిపోతే రేపటికేముంటుంది?"

ఫ్రూమా వంగి ఆ ముక్కను అరచేతిలోకి తీసుకొంది. ఆరు నెలలుగా దుప్పటి దులిపినప్పుడల్లా రాలే పొడికి విసుక్కోవడమే గాని, ఎందుకని తానొక్కసారీ అడగలేదు.

పెనీనా మెల్లగా మంచం ఎక్కింది. "నానమ్మా, విందులో నాన్న పులియని రొట్టె విరిచి పెద్దముక్క దాస్తారుగా! ఈసారి నీ దిండు కింద దాద్దామా?"

"అందులో కొంచెం ఏడాదంతా అట్టే పెట్టుకోవచ్చు కూడా," అంది ఫ్రూమా, అత్త పక్కన కూర్చుంటూ. "మా అమ్మ పెట్టుకునేది. ఆనాడు ఈజిప్టులో బానిసలైన మన పెద్దలూ ఆ రొట్టె పట్టుకునే బయల్దేరారు కదా. దారిలో ఏముందో వాళ్ళకీ తెలీదు."

"ఈ రాత్రి ప్రతివాళ్ళూ తామే ఈజిప్టు విడిచి వచ్చామనుకోవాలంటారు," అంది గిటల్. "నేనింకా బయల్దేరనే లేదే, ఫ్రూమా."

"అయితే చెప్పులేసుకోండి. కింద మీ అబ్బాయి మంట వేసి మనకోసమే చూస్తున్నాడు."

పది గంటల ఇరవై నిమిషాలకు గిటల్ తన చేత్తోనే పదో ముక్కను మంటలో వేసింది. అది నల్లబడేదాకా ఆమె వేళ్ళు కోడలి మణికట్టును వదల్లేదు. ఆ నొప్పికి ఫ్రూమా కళ్ళలో నీళ్ళు తిరిగినా చెయ్యి లాక్కోలేదు.

గిటల్ నాలుగేళ్ళపాటు ఏటా పస్కా విందులో పులియని రొట్టెముక్కను అడిగి తీసుకొని దిండు కింద దాచుకొంది. 1959 పస్కా నాడు దాన్ని అడగడం మరచిపోయింది.