పరుగెత్తని డైరెక్టర్

"కాఫీ ఉందా?"

"ఉంది. పప్పు వేయించి పొడి కొట్టిందే."

కోడ్ కుదిరింది. తలుపు తెరుచుకుంది, రెఫిక్ లోపలికి వెళ్ళాడు. ముట్టడిలో ఉన్న సరాయెవో అసలు కాఫీ రుచి చూసి ఏడాది దాటింది.

కల్నల్ ముయాగా ఒక ఫొటో బల్ల మీద పడేశాడు.

"ఇరేనా ఫోస్. మన సైనికుల మీద డాక్యుమెంటరీ తీస్తోంది. కొండ మీది శత్రువుల రహస్యాలు మనకు మోసేదీ ఈవిడే. కానీ రెఫిక్, ఈవిడ షూటింగ్ చేసి వెళ్ళిన రెండు కందకాల మీదా ఫిరంగి షెల్స్ గురిచూసినట్టు పడ్డాయి. మనిషి మనదా, వాళ్ళదా? తేల్చు. ఈరోజు ఇటుకల బట్టీ దగ్గర షూటింగ్."

రెఫిక్ ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. బట్టీ కందకంలో ఉన్నది అతని తమ్ముడు సెనాద్ దళం.

మధ్యాహ్నానికి రెఫిక్ ఇరేనా బృందంలో సౌండ్ రికార్డిస్టు అయిపోయాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు. యుద్ధానికి ముందు బజారులో తోలు వ్యాపారం చేసినవాడు. సరుకు చేతిలో పెట్టి, కొనేవాడి కళ్ళలోకి చూడటం అలవాటు.

దారిలో స్నైపర్ల కూడలి వచ్చింది. అక్కడ ముసలాళ్ళు కూడా వంగి పరుగెత్తుతారు. రెఫిక్ పరుగెత్తాడు. కెమెరామన్ పరుగెత్తాడు. ఇరేనా మాత్రం ఎర్ర కోటులో, హైహీల్స్ టకటకలాడించుకుంటూ తాపీగా నడిచొచ్చింది.

"భయం లేదా మేడమ్?"

"భయపడితే సినిమాలు తీయలేం."

రెఫిక్ మైకు సర్దుకుని ముందుకు నడిచాడు. ప్రాణం దగ్గర కూడా బేరమాడలేదంటే, కొండ మీదివాళ్ళతో బేరం ముందే కుదిరి ఉండాలి.

కందకంలో సెనాద్ గుసగుసగా వెక్కిరించాడు. "నీకు సౌండేంటన్నా? అమ్మ పిలిస్తేనే వినపడేది కాదు!"

"నోర్మూసుకో."

"మొహాల మీద వెలుగు చాలట్లేదు," అంటూ ఇరేనా వెండి రంగు రిఫ్లెక్టర్ పలక ఎత్తింది. వెలుగు ఏ మొహం మీదా పడలేదు. కొండ వైపు మూడుసార్లు తళుక్కుమంది.

"ప్యాకప్!" అనేసి, దూరంగా తన ఫిల్ము పెట్టెలున్న గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

"సౌండ్ చెడింది! అందరూ బట్టీ సెల్లార్లోకి పదండి, మళ్ళీ తీద్దాం!" రెఫిక్ అరిచాడు.

"ఇప్పుడేగా తీశారు?" అన్నాడు సెనాద్.

"పదరా!"

దళం కదిలింది. ఆమె వదిలేసిన రిఫ్లెక్టర్ అందుకుని రెఫిక్ గోడ దగ్గరికి పరుగెత్తాడు. ఇరేనా పక్కనే నిలబడి కొండ వైపు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు.

ఆమె మొహంలో నెత్తురు లేదు. "ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"లైటింగ్ మేడమ్. మీ మొహం మీద వెలుగు చాలట్లేదు."

హెడ్‌ఫోన్లలో కొండ మీంచి 'ధబ్'మని ఫిరంగి మోత వినిపించింది.

ఇరేనా పరుగెత్తింది. ఒక హీల్ విరిగింది. అయినా ఆగలేదు. కనబడ్డ మొదటి కన్నంలోకి, సెల్లార్లోకి దూకింది. వెనకే రెఫిక్ దూకాడు. గోడ, ఫిల్ము పెట్టెలు కలిసి ఆకాశంలోకి లేచాయి.

దుమ్ము అణిగేసరికి ఆమె చుట్టూ తాను చావుకు అప్పజెప్పిన దళమంతా నిలబడి ఉంది. తుపాకులన్నీ ఆమె వైపే. సెల్లార్ కిటికీలోంచి ఆమె పరుగంతా తీసిన కెమెరామన్ ఇంకా కెమెరా ఆపలేదు.

మర్నాడు కల్నల్ ఆ రీలు చూసి అడిగాడు: "సినిమా ఎలా ఉందంటావ్?"

"మిగతాదంతా నటనే సార్," అన్నాడు రెఫిక్. "ఆ పరుగు మాత్రం అచ్చం మన ఊరి మనిషిదే."