నలభయ్యో పిన్ను

ఉదయం 9:40. ప్లానింగ్ ఆఫీసు గోడ మీద మ్యాపు లేదు.

పదకొండింటికి మీటింగ్. కొత్త కాలనీలో బడి కట్టాలా వద్దా అన్నది ఆ మ్యాపే తేల్చాలి. ఒకప్పుడు అక్కడ కంపచెట్లు తప్ప ఏమీ లేవు. అందుకే బడిని హైవేకి అవతల కట్టారు. ఈ మూడేళ్లలో ఇళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. బడికెళ్లే ఒక్కో బిడ్డకీ మ్యాపు మీద ఒక ఎర్ర పిన్ను. నలభై ఉంటే బడి వస్తుంది. ఒక్కటి తగ్గినా పిల్లలు హైవే దాటాల్సిందే.

మ్యాపు పోయిందని కబురందుకుని పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ముగ్గురిని కూర్చోబెట్టింది. గుమస్తా, బడి స్థలం మీద కన్నేసిన కాంట్రాక్టర్, మ్యాపు గీసిన ముసలి డ్రాఫ్ట్స్‌మన్.

"నిన్న సాయంత్రం నుంచి ఎక్కడున్నారు?" అని కాంట్రాక్టర్‌ని అడిగింది.

"సైట్లో, తర్వాత ఇంట్లో. బడి రాకపోతే నాకు లాభమే మేడం, కాదనను. అంతమాత్రాన గోడలు దూకే ఒళ్లా నాది?"

ఆ పొట్ట చూస్తే నిజమే అనిపించింది.

నిన్న 5:30కి తాళం వేసేటప్పుడు మ్యాపు ఉందని గుమస్తా చెప్పాడు. తాళంచెవులు తన దగ్గర, డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర మాత్రమే ఉంటాయన్నాడు. డ్రాఫ్ట్స్‌మన్ ఖాళీ గోడనే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ సొరుగు లాగింది. పిన్నుల డబ్బా. వంద పిన్నులది, ఈ మ్యాపు కోసమే విప్పారట. నలభై పోతే అరవై మిగలాలి. బల్ల మీద ఒంపి, మనసులోనే లెక్కపెట్టింది.

అరవై ఒకటి.

గుమస్తానీ, కాంట్రాక్టర్‌నీ బయటికి పంపి తలుపు వేసింది.

"బడి రాకూడదనుకునేవాడు మ్యాపు పట్టుకుపోతాడు. ఒక్క పిన్ను తీసి జాగ్రత్తగా డబ్బాలో వెయ్యడు. అది ఆ బిడ్డను ఎరిగినవాళ్లు చేసే పని. ఎవరి పిన్ను, పెద్దాయనా?"

"నా మనవరాలిది."

పదమూడు రోజుల కిందట, బడికి వెళ్తూ ఆ పిల్ల హైవే దాటలేకపోయింది. ఏడేళ్లు. దొంగ లెక్క చూపించలేక పొద్దున 9:10కి ఆయన తన చేత్తోనే ఆ పిన్ను తీశాడు. తీశాక ముప్పై తొమ్మిదే మిగిలాయి. తన నిజాయితీ ఆ ముప్పై తొమ్మిది మందినీ అదే రోడ్డు మీదికి తోస్తుందని అప్పుడు తట్టింది. మీటింగైనా ఆగుతుందని మ్యాపు చుట్టి బీరువా వెనక దాచేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక పిన్ను తీసి అరచేతిలో పెట్టి చాపింది.

"లెక్కపెట్టింది నేనొక్కదాన్నే."

"మళ్లీ గుచ్చబోయానమ్మా. చెయ్యి రాలేదు. గుచ్చితే అది బతికున్నట్టేగా. మరి సాయంత్రం ఇంటికి రావాలి కదా."

పదకొండింటికి మ్యాపు గోడకెక్కింది. ముప్పై తొమ్మిది. రూలు రూలే అన్నారు ఆఫీసర్లు. వచ్చే ఏడు మళ్లీ లెక్కిద్దామన్నారు. మ్యాపు ఎక్కడో పెట్టి మరిచిపోయారని రాసి, ఇన్‌స్పెక్టర్ కేసు మూసేసింది.

సాయంత్రం 4:10. ఆమె హైవే మీద జీపు అడ్డంగా పెట్టి, చెయ్యెత్తి బండ్లన్నీ ఆపింది. పెద్దాయన పక్కన నిలబడి, దాటుతున్న కాలనీ పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. అందరూ ఇవతలికి వచ్చేశారు. ఆమె చెయ్యి దించబోయింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడు, అవతలి వైపే చూస్తూ.

హారన్లు మోగుతున్నాయి. ఆమె చెయ్యి దించలేదు.